ఆటిజం అని తేలిన తరువాత ఏం జరిగింది?

దోర్నపాల్ బస్తర్‌లో జగదల్‌పూర్ నుంచి కుంట వెళ్ళే రోడ్డు మీద ఉన్న చిన్న ఊరు. ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నా ఇక్కడ బజారులో తెలుగు వినిపిస్తుంది. అక్కడ మా బంధువుల కుటుంబం ఒకటి కిరాణా కొట్టు నడుపుకుంటోంది. వాళ్ళ ఐదేళ్ళ మనవడిని పట్నం తీసుకెళ్ళి పరీక్షలు చేయించారు. ఆటిజం అని కాగితం ఇచ్చారు. ఆ కాగితం వచ్చిన వారం లోపే చుట్టుపక్కల వాళ్ళ నుంచి రెండు సలహాలు కూడా వచ్చాయి. తప్పంతా తల్లిదే, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసింది కాబట్టి శాంతి చేయించాలి అనేది ఒకటి. పిల్లవాణ్ణి దూరంగా ఏదైనా హాస్టల్‌లో వేసేసి మర్చిపోండి అనేది రెండోది.

తల్లిని నిందించడం, పిల్లవాణ్ణి పంపించేయడం అనే ఈ రెండు ఆలోచనలూ కేవలం పల్లెటూరి అజ్ఞానం అనుకుంటే పొరపాటు. వీటిని అమెరికాలో పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళే అమలు చేసి చూశారు. ఫలితాలు రికార్డులో ఉన్నాయి. నేను బి.కామ్ చదివి డిఫెన్స్ అకౌంట్స్‌లో పని చేసి రిటైర్ అయినవాణ్ణి, డాక్టర్ని కాదు. కానీ పాత లెక్కలు తిరగేసి ఏ ఖర్చుకి ఏ ఫలితం వచ్చిందో చూడడం నాకు అలవాటే.

1943లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పని చేసే లియో కానర్ అనే డాక్టర్ 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. ఆటిజం అనే మాట ఈ అర్థంలో స్థిరపడింది ఆ వ్యాసంతోనే. అలాంటి పిల్లల గురించి మాస్కోలో గ్రూన్యా సుఖరేవా అనే డాక్టరమ్మ 1925లోనే రాసింది కానీ ఆమెను చాలా కాలం ఎవరూ పట్టించుకోలేదు. కానర్ జాబితాలో మొదటివాడు డోనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరి పిల్లవాడు. 1937లో, నాలుగేళ్ళు కూడా నిండకుండానే, డాక్టర్ల సలహా మీద అతన్ని ఇంటికి దూరంగా ఒక సంస్థలో పెట్టారు. ఏడాది తరువాత తల్లిదండ్రులు అక్కడి పెద్దల మాట కాదని ఇంటికి తెచ్చేసుకున్నారు. తండ్రి కొడుకు గురించి 33 పేజీల ఉత్తరం కానర్‌కి రాశాడు.

ఆ తరువాత డోనాల్డ్ కొన్నేళ్ళు తన ఊరికి దగ్గరలోనే ఒక రైతు దంపతుల ఇంట్లో ఉన్నాడు. వాళ్ళు థెరపీ నేర్చుకున్నవాళ్ళు కాదు. పిల్లవాడికి కొలతల పిచ్చి. రైతు అతని చేత బావి తవ్వించి లోతు ఎంతో చెప్పమన్నాడు. మొక్కజొన్న సాళ్ళు అదే పనిగా లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమన్నాడు. 1945లో కానర్ వెళ్ళి ఇదంతా స్వయంగా చూశాడు.

1971లో కానర్ తన పాత 11 కేసులనీ మళ్ళీ వెతికి ఎవరు ఏమయ్యారో రాశాడు. మా భాషలో చెప్పాలంటే తన పనికి తానే ఆడిట్ చేసుకున్నాడు. బాగా నిలదొక్కుకున్నవాళ్ళు ఇద్దరే. ఒకరు డోనాల్డ్. డిగ్రీ చదివి బ్యాంకులో పని చేశాడు, 2023లో 89 ఏళ్ళకి చనిపోయాడు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులకి పంపబడిన పిల్లల్లో మాత్రం మొదట ఉన్న తెలివితేటలు కూడా మసకబారాయి. అక్కడికి పంపడమంటే యావజ్జీవ శిక్ష వేసినట్టేనని కానర్ తేల్చాడు. డోనాల్డ్ కుటుంబం డబ్బున్న కుటుంబం, అది కూడా లెక్కలో వేసుకోవాలి. కానీ ఆ రైతు చేసినది డబ్బుతో చేసినది కాదు.

ఇక నింద సంగతి. అదే కానర్ 1940ల చివర్లో ఈ పిల్లల తల్లిదండ్రులు మనసు గడ్డకట్టినవాళ్ళు అన్నట్టు రాశాడు. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఆ ధోరణితో ఒక పుస్తకమే రాశాడు. తల్లి ప్రేమ చూపకపోవడం వల్ల బిడ్డ ఇలా అయ్యాడు అనే మాటకీ, గ్రహణం చూడడం వల్ల అయ్యాడు అనే మాటకీ తేడా ఏముంది? రెండింటికీ ఆధారం లేదు. ఒకటి తెల్ల కోటు వేసుకుంది, అంతే.

దీన్ని ఎదిరించినవాళ్ళలో ముఖ్యుడు బెర్నార్డ్ రిమ్‌లాండ్. ఇతను అమెరికా నౌకాదళంలో సివిలియన్ ఉద్యోగి, మనస్తత్వ శాస్త్రం చదివినవాడు. కొడుకుకి ఆటిజం. ఆటిజం మెదడుకి సంబంధించినది, పెంపకానికి సంబంధించినది కాదని 1964లో పుస్తకం రాశాడు. మరుసటి ఏడాది తల్లిదండ్రుల సంఘం పెట్టాడు. 1969లో ఆ సంఘం సభలోనే కానర్ తల్లిదండ్రులు నిర్దోషులని ప్రకటించాడు. 1977లో ఫోల్‌స్టైన్, రట్టర్ 21 జతల కవలల మీద చేసిన అధ్యయనం ఇందులో వంశపారంపర్య కారణాలు బలంగా ఉన్నాయని చూపింది. రిమ్‌లాండ్ కూడా తరువాతి రోజుల్లో టీకాల మీద అనుమానాలు ప్రచారం చేశాడు, అది తప్పు. టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. మనం మనిషిని చూసి కాదు, ఆధారం చూసి నమ్మాలి.

మన దేశంలో లెక్క చాలా ఆలస్యంగా మొదలైంది. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 1991లో ఢిల్లీలో మెర్రీ బరువా అనే తల్లి మొదలుపెట్టిన యాక్షన్ ఫర్ ఆటిజం లాంటి సంస్థలు పోరాడాయి. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆటిజం చేరింది. 2016 చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో కూడా చేరింది. ఏడీహెచ్‌డీ మాత్రం ఆ జాబితాలో విడిగా లేదు. ఆటిజం తీవ్రతని కొలిచే 40 ప్రశ్నల భారతీయ స్కేల్ మన సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థలో తయారై 2009లో వచ్చింది.

ఇప్పుడు మళ్ళీ దోర్నపాల్‌కి వద్దాం. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక ఇక్కడ పెద్ద శిబిరం వెలిసింది. అడవి ఊళ్ళు వదిలి వేల మంది వచ్చి పడ్డారు. బడులు కూలిపోయిన ఆ ప్రాంతంలో తరువాత పోర్టా కాబిన్ అని పిలిచే వెదురు గదుల ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. ఎందరో పిల్లలకి అవే దిక్కయ్యాయి. కాబట్టి హాస్టల్ సలహా ఇచ్చినవాళ్ళది చెడ్డ ఉద్దేశం కాదు. కానీ చప్పుడు భరించలేని, మాట రాని పిల్లవాణ్ణి వందల మంది మధ్యన వదిలేస్తే అది చదువు కాదు. ఇలాంటి చోట పిల్లవాడు మాట్లాడకపోవడానికి భయం, చెవుడు, మెదడుకి ఎక్కిన మలేరియా కూడా కారణాలు కావచ్చు. అందుకే ముందు వినికిడి పరీక్ష జరిగిందా అని అడగాలి.

ఇంకో మాట. ఇంట్లో తెలుగు, సంతలో దోర్లీ, బడిలో హిందీ ఉండడం వల్ల పిల్లవాడు గందరగోళపడ్డాడని, ఒక్క హిందీయే మాట్లాడమని చెప్పేవాళ్ళు ఉన్నారు. రెండు భాషల మధ్య పెరగడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాటకి నష్టం కలిగినట్టు ఇప్పటివరకు జరిగిన అధ్యయనాల్లో కనబడలేదు. అమ్మమ్మ తనకి వచ్చిన తెలుగులోనే మాట్లాడాలి. చిన్న వాక్యాలు, ఒకసారి ఒక పనే, రోజూ ఒకే వరుస, జరగబోయే పనికి ముందే ఒక బొమ్మ. వీటికి ఖర్చు లేదు.

డబ్బు సంగతి నాకు తెలిసినది చెప్తాను. ముందు జిల్లా ఆసుపత్రి ద్వారా వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు తీసుకోవాలి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఇస్తుంది, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. 18 ఏళ్ళు నిండాక చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమించడానికి కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ ఉంది. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్ల పిల్లల్లో సొంతంగా సంపాదించుకోలేని వైకల్యం ఉన్నవారికి, షరతులకి లోబడి, జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. ఆ బిడ్డ వివరాలు తాము బతికి ఉండగానే రికార్డులో ఎక్కించుకోవాలి. కిరాణా కొట్టు నడిపేవాడికి ఈ పెన్షన్ లేదు. ఇది అన్యాయమే, దీని గురించి అడగాలి.

శాంతి హోమం ఖర్చుతో ఆ తల్లి జగదల్‌పూర్‌కి ఎన్నోసార్లు వెళ్ళి రావచ్చు. ఆమె వెళ్ళిన రోజు కొట్టు చూసుకునేవాళ్ళు కావాలి, రెండో బిడ్డకి అన్నం పెట్టేవాళ్ళు కావాలి. సలహాలు ఇచ్చిన బంధువులు ముందు ఆ పని ఒప్పుకోవాలి. పిల్లవాడికి లెక్కపెట్టడం ఇష్టమైతే కొట్టులో సబ్బులు లెక్కపెట్టనివ్వండి.