మఫ్టీలో మన లఫ్జులు

"మఫ్టీలో వచ్చిన పోలీసులు మాటు వేసి దొంగను పట్టుకున్నారు." నేను పత్రికలో చేరిన కొత్తలో ఇలాంటి వార్త ఒకటి ఇంట్లో పైకి చదువుతుంటే, నానీమా తస్బీ తిప్పడం ఆపి అడిగింది: "పోలీసుల్లో ముఫ్తీ సాబ్‌లు కూడా ఉంటారా బేటా?" అందరం పగలబడి నవ్వాం. ఆ తర్వాత డిక్షనరీ తీసి చూస్తే తేలింది, తప్పు మాదే. నానీమా చెవి సరిగ్గానే విన్నది.

ముఫ్తీ అంటే ఫత్వా ఇచ్చే ఆలిమ్. మరి ఆయన పేరు మామూలు బట్టలకెలా వచ్చింది? పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ ఆఫీసర్లు డ్యూటీ దిగాక వదులుగా ఉండే పొడవాటి గౌను, కుచ్చు టోపీ, చెప్పులు వేసుకుని కూర్చునేవారట. అప్పటి ఇంగ్లీషు నాటకాల్లో ముఫ్తీ వేషం అచ్చం అలాగే ఉండేది. అలా యూనిఫాం కాని బట్టలన్నీ 'మఫ్టీ' అయ్యాయంటారు. అరబీలో పుట్టి, ఫౌజు వాళ్ల నోళ్లలో నలిగి, ఇంగ్లీషు గుండా తిరిగి మన తెలుగు పేపర్లోకొచ్చేసరికి ఆ లఫ్జ్ తన సొంత ఇంటివాళ్లకే అంతుపట్టలేదు. అది కూడా మఫ్టీలోనే వచ్చింది మరి!

ఇలాంటి లఫ్జులు వెతకడానికి మన సికింద్రాబాద్ కంటే మంచి జగా ఏముంటుంది? మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో ఈ కంటోన్మెంటుకు పేరు పెట్టారు. జనం నోట్లో మాత్రం ఇది 'లష్కర్'. లష్కర్ అంటే ఫౌజు. ఉజ్జయినీ మహాకాళి బోనాలను ఇప్పటికీ 'లష్కర్ బోనాలు' అనే అంటాం. ఇదే లఫ్జ్ పోర్చుగీసు వాళ్ల నోట పడి, ఇంగ్లీషులో 'లాస్కర్' అయింది. అంటే విలాయతీ ఓడల్లో పనిచేసే మన దేశపు నావికుడు. మనకు లష్కర్ అంటే మొత్తం సైన్యం, వాళ్లకు డెక్ మీద చెమటోడ్చే ఒక్క మనిషి. 'ఉర్దూ' సంగతీ అంతే. తుర్కీలో 'ఓర్దూ' అంటే ఫౌజీ మకాం. అది మన దగ్గర మీఠీ జుబాన్‌కు పేరైంది. యూరప్ చేరిన అదే మాట ఇంగ్లీషులో 'హోర్డ్' అయింది, అంటే మీద పడే గుంపు. ఒకే తల్లికి పుట్టిన ఇద్దరు బిడ్డలు. ఒకరు ముషాయిరాలో కూర్చున్నారు, ఇంకొకరికి దోపిడీదారుల పేరొచ్చింది.

పరేడ్ గ్రౌండ్ పక్కనే జింఖానా మైదానం ఉంది కదా. అందులో 'ఖానా' మనదేనని ఎవరైనా చెప్తారు. ముందున్న 'జిం' మాత్రం బంతికి సంబంధించిన 'గేంద్' అని, 'గేంద్‌ఖానా'యే జిమ్నాస్టిక్స్ ప్రభావంతో జింఖానా అయ్యుంటుందని ఒక అంచనా.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 'బ్లైటీ'. మనం విలాయతీ అంటే పరాయి దేశానిది. సీమచింతకాయను ఉర్దూలో విలాయతీ ఇమ్లీ అంటాం. తెలుగులో ఆ 'సీమ' చేసే పని, ఉర్దూలో 'విలాయతీ' చేసే పని ఒక్కటే. ఈ విలాయతీని విన్న గోరా సిపాయిలు దాన్ని 'బ్లైటీ'గా మార్చి తమ వతన్‌కు పేరు పెట్టుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, ప్రాణం తీయకుండా ఇంటికి పంపించేంత గాయం తగిలితే దానికీ 'బ్లైటీ' అనే పేరు. మనకు పరాయిదనాన్ని చెప్పే లఫ్జ్, కందకంలో పడి ఉన్న వాడికి ఇంటి బెంగ అయింది. ఈ ఒక్క మాటలో ఒక కథ లేదూ?

తెలుగు మాత్రం తక్కువ తిన్నదా? మన పందికొక్కు ఇంగ్లీషులో 'బ్యాండికూట్' అయింది. అంతటితో ఆగకుండా ఆస్ట్రేలియా దాకా పోయి, పొట్టకు సంచి ఉండే ఓ చిన్న జంతువుకు తన పేరిచ్చి వచ్చింది.

ఈ లఫ్జులన్నిటి ఖజానా ఒకటుంది. హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ అనే ఇద్దరు దొరలు కూర్చిన నిఘంటువు, 1886లో అచ్చయింది. అది చూడకుండానే బర్నెల్ 1882లో చనిపోయాడు. దాని పేరు 'హాబ్సన్-జాబ్సన్'. ఈ పేరు దగ్గర నా నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఇది మొహర్రం జులూసులో వినిపించే 'యా హసన్! యా హుసేన్!'. హిజ్రీ 61లో, అంటే 680లో, కర్బలాలో జరిగిన షహాదత్‌ను తలుచుకుని గుండెలు బాదుకునే మాతం. చూస్తూ నిలబడ్డ గోరా సిపాయిలకు అది ఇద్దరు ఇంగ్లీషు దొరల పేర్లలా వినిపించింది. పరాయి మాట నోటికి తగ్గట్టు ఎలా మారుతుందో చెప్పడానికి ఇది భలే నమూనా అనుకుని యూల్ దాన్నే పుస్తకానికి పెట్టాడు. ఆయన ఇల్మ్‌కు సలాం. కానీ ఒకరి కన్నీళ్లు ఇంకొకరి పుస్తకం అట్ట మీద మజాక్ అయ్యాయన్నది కూడా నిజం.

మరి మన పల్లెలవాళ్లు మాత్రం పేర్లు మార్చలేదా? మార్చారు. హుసేన్‌ను హుస్సేనప్ప చేశారు, ఆడపిల్లకు హుస్సేనమ్మ అని పెట్టుకున్నారు. పీర్ల పండుగనాడు మొక్కి, పుట్టిన బిడ్డకు ఆ పేరు పెట్టిన హిందూ కుటుంబాలు ఎన్నో. తలఫ్ఫుజ్ అక్కడా తప్పింది, ఇక్కడా తప్పింది. కానీ సిపాయి దూరంగా నిలబడి విన్నాడు. రైతు నిప్పుల గుండం దగ్గరికొచ్చి, పేరు చివర 'అప్ప' కలిపి ఇంటికి తీసుకెళ్లాడు. మాట వంకర పోవడం గునాహ్ కాదు. ఏ నియ్యత్‌తో పలికామన్నదే అసలు సంగతి.

ఇదెందుకు చెప్తున్నానంటే, డెస్కులో నేను రాసిన 'ఇంతెజార్' మీద ఒకసారి ఎర్ర సిరా పడింది. "తెలుగులో రాయవయ్యా" అన్నారు సీనియర్. అదే పేజీలో రాజీనామా, ఫిర్యాదు, హామీ, బకాయి, వసూలు, హాజరు దర్జాగా కూర్చున్నాయి. వాటిని ఎవరూ ఆపలేదు, ఎందుకంటే అవి మఫ్టీలో ఉన్నాయి. సి.పి. బ్రౌన్ 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. 1854లో, తెలుగులో వాడుకలో ఉన్న ఇలాంటి మిశ్రమ, అన్యదేశ్య పదాలకే విడిగా ఇంకో నిఘంటువు అచ్చు వేశాడు. జనం నోట్లో ఉన్నదాన్ని ఆయన కాదనలేదు. ఆ రోజు ఇంత తెలిసి ఉంటే సీనియర్‌కు చెప్పేవాణ్ణే. తెలియక 'ఎదురుచూపు' అని దిద్దేశాను. ఎదురుచూపు కూడా అందమైన మాటే. కానీ మా అమ్మీ దుబాయ్ ఫోన్ కోసం కూర్చున్నప్పుడు చేసింది ఇంతెజారే.

మన పిల్లలు స్కూల్లో ఇంగ్లీషు, బజారులో తెలుగు, దస్తర్‌ఖాన్ దగ్గర ఉర్దూ మాట్లాడుతున్నారు. "ఒక్కటీ సరిగ్గా రాదు" అని మనమే వాళ్లను చిన్నబుచ్చుతాం. దానికి బదులు జుమాకు ఒక లఫ్జ్ ఇచ్చి చూడండి. పైజామా, ఖాకీ, షాల్, లూట్, ఏదైనా సరే. అది ఎక్కడ పుట్టింది, ఎవరి నోట్లో వంకర పోయింది, ఎక్కడ మకాం పెట్టిందో వెతకమనండి. తర్వాత దాని మీద పది వాక్యాలు రాయమనండి. లష్కర్ మీద రాసేవాడికి ఓడ దొరుకుతుంది, బ్లైటీ మీద రాసేదానికి గాయపడ్డ సిపాయి దొరుకుతాడు.

మా ఇంట్లో మొదటి లఫ్జ్ 'ముఫ్తీ' ఇచ్చాను. కూతురు రాసిన కథలో ఒక ముసలమ్మ పోలీస్ స్టేషన్‌కు వెళ్లి, "ఇక్కడ ముఫ్తీ సాబ్ ఉంటారట, ఒక మస్‌లా అడగాలి" అంటుంది. ఇన్‌స్పెక్టర్ లేచి కుర్చీ వేస్తాడు.