అడుగులకు అరిసెలు, పలుకులకు చిలుకలు

బిడ్డ బోర్లపడిన బొబ్బట్లు, ప్రాకిన పాకుండలు, అడుగులు వేసిన అరిసెలు, పలుకులు వచ్చిన పంచదార చిలుకలు ఇరుగుపొరుగులకు పంచిపెట్టుట తెలుగువారి ఆచారము. ఈ పేర్ల ప్రాస వినోదముగా తోచును గాని, దానియందు మన పెద్దల పరిశీలన యిమిడియున్నది. దేని వెనుక ఏది వచ్చునో ఆ వరుసను వారు చెప్పిరి. ఏ నెలలో రావలెనో గిరి గీయలేదు. అంతియగాక, అరిసెలు ఇంటింటికి చేరుటచే బిడ్డ నడచిన వార్త వీథిలోని పెద్దలందఱకు తెలియును. అరిసెలు రాని యింటిని గూర్చి వారే విచారింతురు.

ఇరువదవ శతాబ్దమున అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున ఆర్నల్డ్ గెసెల్ (1880–1961) శిశువుల చేష్టలను చలనచిత్రములుగా తీసి, ఏ వయస్సున ఏ నేర్పు కలుగునో పట్టికలు వేసెను. పట్టికలోని సగటునే గడువుగా భావించి బెదరిన తల్లిదండ్రులు నేటికిని కలరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశము, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశములలో 816 మంది శిశువులను పరిశీలించి 2006లో ఫలితములను ప్రకటించెను. ఆరోగ్యముగల శిశువులు ఒంటరిగా నడచు వయస్సు 8.2 నెలలు మొదలు 17.6 నెలల వఱకు మారుచుండును. నూటికి సుమారు 4గురు చేతులు, మోకాళ్లు ఆనించి ప్రాకకయే నడచిరి. కాన పాకుండలు పంచని యింట బెంగ పెట్టుకొన నక్కఱలేదు.

ఇక పలుకుల మాట. మన గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో నుండి, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినపుడు బరంపురముతో కూడ అందు చేరినది. అంతకు పూర్వమును ఇచట రెండు భాషలు కలిసియే యుండెను. పిమ్మట బడిలోను కచేరీలోను ఒడియాకు ప్రాధాన్యము పెరిగెను. రెండు భాషలు వినుటచే బిడ్డకు మాట ఆలస్యమగునని తలచి, ఇంట తెలుగు మానినవారు కలరు. ఈ భయము నిరాధారము. ఫ్రెంచి పండితుడు రోంజా తండ్రి ఫ్రెంచిని, తల్లి జర్మనును మాటలాడిన తన కుమారుని పలుకులను పుట్టుక మొదలు గమనించి 1913లో గ్రంథము ప్రకటించెను. బాలునకు రెండును చక్కగా అబ్బినవి. అట్టి బిడ్డల మాటలను రెండు భాషలలో కలిపి లెక్కింపవలెను. ఒక్క భాషలో లెక్కించిన తక్కువగా కనబడును.

పర్లాకిమిడిలో సవర భాష నేర్చి, సవర బిడ్డలకు వారి భాషలోనే పాఠములు సిద్ధపఱచిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) ఈ ప్రాంతమువారే. ఇంటి పలుకు చదువునకు అడ్డు కాదు, అదే తొలిమెట్టని వారి కృషి చాటినది.

అయినను ఓరిమి వేరు, ఉపేక్ష వేరు. 18 నెలలు నిండినను నడవకున్నను, ఏ భాషలోను ఒక్క మాటయు పలుకకున్నను, 2 ఏండ్లకు రెండు మాటలు కూర్చి చెప్పకున్నను, పిలిచిన తిరిగి చూడకున్నను, వచ్చిన మాటలు పోయినను తడయక వైద్యునకు చూపవలెను. చెవులను పరీక్ష చేయింపవలెను. బరంపురమున 1962లో వైద్య కళాశాల వెలసినది గాన మనకు దూరభారము లేదు. “రెండు భాషల పిల్లవాడు గదా” యని సరిపెట్టుకొన్న విలువైన కాలము జాఱిపోవును.

కావున తల్లులారా, తండ్రులారా! బిడ్డతో తెలుగున నిండుగా మాటలాడుడు. వీథి ఒడియా నేర్పును. అరిసెలు ఒక నెల ఆలస్యమైనను అవే తీపి.