ఓరుగంటి కంఠము

కంఠమే పనిముట్టుగా గలవారికి ఉద్యోగ విరమణము తుది పుట కాదు. దేహము సడలినను ఉచ్చారణశుద్ధి, ఊపిరి పట్టు, వినికిడిలోని సూక్ష్మత సాధనచే నిలుచును. ఇందులకు ఓరుగల్లుననే నిదర్శనము కలదు.

ఈ నగరమునకు జనరంజక కళలు కొత్తవి కావు. ఓరుగంటి వీథులలోని ఆటపాటలను ‘క్రీడాభిరామము’ వర్ణించినది. ఆ నేలపైననే 1932 డిసెంబరు 28వ తేదీన నేరెళ్ల వేణుమాధవ్ జన్మించెను. ఆయన వృత్తిచే ఉపాధ్యాయుడు. చిత్తూరు నాగయ్య మొదలగు నటుల గొంతులనే గాక, ఆంగ్ల చలనచిత్రములలోని పోరాట ధ్వనులను, నేపథ్య సంగీతమును గూడ ఒక్క కంఠముననే పలికించెను. 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన మిచ్చెను. 1972 నుండి 1978 వరకు శాసనమండలి సభ్యుడుగా నుండెను.

అయినను ఒక చిక్కు మిగిలినది. చిత్రకారుని పటము మిగులును, కవి కావ్యము మిగులును. ధ్వన్యనుకర్త విద్య అతని గొంతుతోనే పోవును. శిష్యులు లేనిచో దానికి రేపు లేదు. 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయమున ఈ కళ పాఠ్యవిషయమైనది. ఏబది దాటిన వేణుమాధవ్ అచట బోధకుడయ్యెను. బడిలో అలవడిన ఓర్పు ఇచట అక్కరకు వచ్చినది. ప్రేక్షకుల చప్పట్లకు నోచిన కళ పాఠముగా, పరీక్షగా, పట్టాగా మారినది.

2001లో పద్మశ్రీ లభించెను. 2018 జూన్ 19న ఆయన కన్నుమూసెను. ఆయన జన్మదినమును కళాకారులు ధ్వన్యనుకరణ దినముగా జరుపుకొనుచున్నారు.

విరమణానంతరము రేడియో నాటకమునకో, గ్రంథపఠనమునకో గొంతు నీయదలచినవారు దినమునకు కొంతసేపు బిగ్గరగా చదువవలెను. అంతకు మించి ఎదుటివారి మాటను శ్రద్ధగా వినవలెను. అనుకరణమునకు మొదటి గురువు చెవియే.