ఒక కామా ఖరీదు

విరామ చిహ్నాల పాఠం మొదలుపెట్టగానే ఎవరో ఒక పిల్లవాడు అడుగుతాడు: "కామా పెట్టకపోతే ఏమవుతుంది టీచర్?" మార్కులు పోతాయని చెప్పి ఊరుకోకండి. ఈ దేశంలోనే, మేన్ రాష్ట్రంలో జరిగిన ఒక కేసు చెప్పండి.

అక్కడ పోర్ట్‌లండ్‌లో ఓక్‌హర్స్ట్ అనే డెయిరీ ఉంది. దాని సరుకు చేరవేసే డ్రైవర్లు కొందరు తమకు ఓవర్‌టైమ్ డబ్బు రావాలని 2014లో కోర్టుకెక్కారు. వారానికి 40 గంటలు దాటి పనిచేస్తే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలని అక్కడి చట్టం. కానీ పాడైపోయే ఆహార పదార్థాలకు సంబంధించిన కొన్ని పనులకు మినహాయింపు ఉంది. ఆ పనుల జాబితా చివర "ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్" అని ఉంది. షిప్‌మెంట్ తర్వాత కామా లేదు.

ప్యాకింగ్ ఒక పని, పంపిణీ ఇంకో పని, కాబట్టి డ్రైవర్లకు ఓవర్‌టైమ్ రాదని కంపెనీ వాదన. జాబితాలో చివరి పనికి ముందు కామా పెట్టవద్దని ఆ రాష్ట్రపు చట్టరచన నియమాలే చెబుతున్నాయని కూడా చూపించింది. డ్రైవర్లు ఏమన్నారంటే: అది రెండు పనులు కాదు, ఒక్కటే, పంపడానికైనా పంచడానికైనా ప్యాక్ చేయడం. మేము ప్యాక్ చేయం, బండి నడుపుతాం. పైగా మిగతా పనుల పేర్లన్నీ "ఇంగ్"తో ముగుస్తుంటే డిస్ట్రిబ్యూషన్ ఒక్కటే అలా లేదు కదా!

కింది కోర్టు కంపెనీ వైపు తీర్పిచ్చింది. 2017 మార్చిలో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. వాక్యానికి రెండు అర్థాలూ వస్తున్నాయి, అలాంటప్పుడు కార్మికుల మేలు కోసం చేసిన చట్టాన్ని కార్మికులకు అనుకూలంగానే చదవాలంది. 2018లో 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఈలోగా శాసనసభ ఆ జాబితాను సెమికోలన్లతో తిరగరాసింది.

ఇప్పుడు అదే మాటను తెలుగులో రాసి చూడండి. "పంపడానికో పంచడానికో ప్యాక్ చేయడం" అంటే ఒక పని. "పంపడానికి ప్యాక్ చేయడమో పంచడమో" అంటే రెండు. కామా అక్కర్లేదు, మాటల చివర్లే తేల్చేశాయి.

దీని వెనక చరిత్ర ఉంది. మన తాళపత్రాల్లో మాటల మధ్య ఖాళీ కూడా ఉండేది కాదు. పద్యం ముగిసినచోట ఒక గీతో రెండు గీతలో గీసేవారు, అంతే. "వచ్చాడా" అన్నప్పుడు చివరి దీర్ఘమే ప్రశ్న. "వస్తానని చెప్పాడు"లో "అని" ఉద్ధరణ. "అమ్మా నాన్నా" అంటే కామా పనీ దీర్ఘానిదే. నేడు మనం వాడే కామా, ఫుల్‌స్టాప్ వంటివి 19వ శతాబ్దంలో అచ్చుతో పాటు ఇంగ్లీషు నుంచి వచ్చి స్థిరపడ్డాయి.

అలాగని తెలుగుకు కామా వద్దని కాదు. బోర్డు మీద ఈ వాక్యం రాయండి: "మా మేనేజరు రవి సోమవారం వస్తారు." వచ్చేది ఒకరా, ఇద్దరా? "వస్తారు" గౌరవానికీ సరిపోతుంది, బహువచనానికీ సరిపోతుంది. ఇద్దరైతే "మేనేజరు, రవి" అని కామా పెట్టాలి, లేదా "మేనేజరూ రవీ" అనాలి. రెండు పద్ధతులూ పిల్లల చేతే రాయించండి. తర్వాత అదే విషయాన్ని ఇంగ్లీషులో రాయమనండి. దీర్ఘం చేసిన పనికి అక్కడ ఏం కావలసి వచ్చిందో వాళ్లే చెబుతారు.

తల్లిదండ్రులకూ ఒక మాట. ఆఫీసులో మెయిల్ పంపేముందు మనం స్పెల్లింగ్ చూసుకుంటాం. దాంతోపాటు "దీన్ని ఇంకోలా చదవొచ్చా?" అని కూడా ఒకసారి చూసుకోండి. చదవగలిగితే కామా సరిచేయండి. కామాతో తేలకపోతే వాక్యాన్ని రెండుగా విడగొట్టండి. ఆ డ్రైవర్ల చట్టం రాసినప్పుడు ఎవరైనా ఈ ప్రశ్న వేసుకుని ఉంటే, వాళ్లు తమ డబ్బు కోసం నాలుగేళ్లు ఎదురుచూడాల్సి వచ్చేది కాదు.