ఒక్కడినే నమ్మడం: పల్నాటి సాక్ష్యంతో ఒక పరిశీలన

నాగులేరు కారంపూడి మీదుగా వచ్చి, దాచేపల్లిని ఒరుసుకుంటూ పోయి కృష్ణలో కలుస్తుంది. ఎగువన కారంపూడిలో, విష్ణుభక్తులుగా కథకెక్కిన పల్నాటి వీరులు లింగాలై పూజలందుకుంటున్నారు. దాచేపల్లికి పొరుగున ఉన్న గురజాలకు 1849లో లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ వచ్చి, దేవుడొక్కడేనని, తక్కినవి దేవుళ్లే కావని బోధించాడు. ఒక్క దేవుడినే నమ్మడం సబబేనా అన్న ప్రశ్నను సాధారణంగా వేదాంత గ్రంథాల్లో వెతుకుతాం. ఈ ఏటిగట్టున వెతికితే కనిపించేది వేరు. ఆ తేడాను చూపడమే ఈ వ్యాసం పని.

ముందు ఒక చిక్కు విప్పాలి. 'దేవుడొక్కడే ఉన్నాడు' అన్న మాటా, 'ఒక్కడినే కొలుస్తాను' అన్న మాటా ఒకటి కావు. మొదటిది లెక్క, రెండోది ఒట్టు. మన ఇళ్లలో ఇలవేల్పు అనే మాట ఈ రెంటి మధ్య ఉంటుంది. మా ఇలవేల్పు నరసింహస్వామి అన్నంత మాత్రాన పక్కింటివాళ్ల అంకమ్మ లేదని ఎవరూ అనరు. ఏకదైవ విశ్వాసం మీద జరిగే వాదాల్లో చాలా భాగం ఈ లెక్కనూ ఈ ఒట్టునూ కలగలిపేయడం వల్ల పుట్టినవే అనిపిస్తుంది.

లెక్క సంగతి మొదట. జగత్తు ఒక కార్యం, కార్యానికి కర్త ఉండాలి అని న్యాయదర్శన పండితులైన నైయాయికులు అన్నారు. ఉదయనుడి న్యాయకుసుమాంజలి ఆ వాదానికి శిఖరం. ఆ కర్త ఒక్కడే ఎందుకు కావాలి? లాఘవం కోసం అన్నది వాళ్ల జవాబు: ఒక్కడితో సరిపోయేచోట పదిమందిని ఊహించడం గౌరవం, అంటే అనవసరపు బరువు. 1979లో ఇంగ్లండు తత్త్వవేత్త రిచర్డ్ స్విన్‌బర్న్ దేవుడి ఉనికి గురించి రాసిన గ్రంథంలో సరళత పేరుతో నిలబెట్టింది దాదాపు ఈ లాఘవాన్నే.

దీనికి గట్టి దెబ్బ నాస్తికుల వైపు నుంచి కాక రామానుజుల వైపు నుంచి తగలడం విశేషం. శ్రీభాష్యంలో శాస్త్రయోనిత్వాధికరణం దగ్గర ఆయన అనుమాన ప్రమాణాన్ని పక్కకు నెడతారు. భూమి, సముద్రాల వంటివన్నీ ఒకే కాలంలో ఒకే కర్త చేశాడని వాటిని చూసి చెప్పలేమని, ఈశ్వరుణ్ణి తెలుసుకోవడానికి శాస్త్రమే దిక్కని ఆయన తీర్మానం. నారాయణుడు తప్ప పరతత్త్వం లేదన్న ఆచార్యుడే ఆ మాటకు తర్కం తోడు వద్దనుకున్నాడు. ఆరు శతాబ్దాల తర్వాత డేవిడ్ హ్యూమ్, ఆయన మరణానంతరం 1779లో అచ్చయిన సంభాషణల్లో, ఇదే సందు నుంచి దూరాడు: ఒక ఇల్లో ఓడో నగరమో కట్టడానికి ఎందరో కలుస్తారు కదా, లోకాన్ని మాత్రం ఒక్కడే చేశాడని ఎందుకనాలి? దాచేపల్లి రైతుకు ఈ ప్రశ్న కొత్తగా తోచదు. మిరప చేను ఒక్కడి చేతిమీద ఎన్నడూ పండదు. నారు పోసేవాళ్లు, కాయ కోసేవాళ్లు, కల్లంలో ఎండబెట్టి తాలుకాయ ఏరేవాళ్లు అందరి చేతులూ పడితేనే బస్తా నిండుతుంది. అయినా చేను ఫలానావాడిదనే అంటాం. కర్తృత్వం వేరు, యాజమాన్యం వేరు. నైయాయికులు మొదటిదాన్ని రుజువు చేయబోయి రెండోదాన్ని చెప్పారేమో!

ఇంకో వాదం ఉంది. ఇద్దరు దేవుళ్లుంటే వాళ్ల ఇష్టాలు ఢీకొని భూమ్యాకాశాలు చెడిపోయేవన్నది ఖురాన్ 21వ సూరాలోని ఆలోచన. ఇస్లామిక కలామ్ పండితులు దాన్ని పూర్తి తర్కంగా మలిచారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన సామెత కూడా అదే చెబుతుంది. ఈ వాదానికి పల్నాటికంటే మంచి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? ఒకే ఇంటి సవతి అన్నదమ్ముల మధ్య గురజాల, మాచర్ల అని రాజ్యాలు రెండయ్యాయి. గురజాల రాజు నలగాముడికి మంత్రి నాగమ్మ, మాచర్ల రాజు మలిదేవుడికి మంత్రి బ్రహ్మనాయుడు. 12వ శతాబ్దంలో ఆ చీలిక కారంపూడి రణరంగంలో తేలింది. రెండు అధికారాలుంటే ఏమవుతుందో ఈ సీమ నెత్తుటితో నేర్చుకుంది.

కానీ సాక్ష్యాన్ని ఇంకొంచెం దగ్గరగా చూడాలి. నాగమ్మను శైవానికీ, బ్రహ్మనాయుణ్ణి వైష్ణవానికీ ప్రతినిధులుగా నిలబెట్టి, యుద్ధాన్ని మతాల పోరుగా చదివే అలవాటు మనకుంది. ఆ చదువు నాకు సంతృప్తినివ్వదు. 1982లో జీన్ రోఘేర్ ఈ వీరగాథ మీద ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా తెచ్చిన అధ్యయనాన్నిగానీ, కారంపూడి ఆచారాన్నిగానీ చూస్తే కథను నడిపేది ఒక్క విష్ణువు కాదు. చెన్నకేశవుడి పక్కన అంకమ్మ ఉంది, పోతురాజు ఉన్నాడు. చివరికి వీరులే లింగాలయ్యారు. రాజులు పోట్లాడుకున్నచోటే దేవుళ్లు ఏ తగువూ లేకుండా కొలువున్నారు. కాబట్టి దేవుళ్లు దాయాదుల్లా ప్రవర్తిస్తారన్నది ఆ వాదంలో నిరూపించకుండా దాటేసిన అంశం. దేవుళ్లకు మన అసూయను అంటగడితే తప్ప అది నిలవదు.

ఇంతకుముందు కూడా ఈ సీమ ఇలాగే ఉండేది. 3వ శతాబ్దంలో విజయపురి ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు మహాసేనుడి భక్తుడు, అశ్వమేధం చేసినవాడు. ఆయన తోబుట్టువు చాంతిసిరి నాగార్జునకొండ బౌద్ధ మహాచైత్యానికి దాత. ఒకే ఇంట్లో రెండు శరణాలు.

అయితే లెక్క తేలలేదు కాబట్టి ఒట్టు కూడా అర్థరహితమేనా? ఇక్కడే పల్నాడు దాటి కొంచెం దక్షిణానికి, ఒంగోలు వైపు వెళ్లాలి.

యర్రగుంట్ల పేరయ్య ఒంగోలుకు పడమటనున్న తాళ్లకొండపాడు మాదిగ. క్రైస్తవం వినకముందే ఆయన రాజయోగ సాధకుడు. దేవుడొక్కడే, ఆయనకు రూపం లేదు, విగ్రహం అక్కర్లేదు అనే గురుమార్గంలో నడిచినవాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. తెల్లదొరలు ఏకదైవాన్ని మోసుకొచ్చారని గట్టిగా చెప్పేవాళ్లూ, గట్టిగా నిందించేవాళ్లూ ఇద్దరూ మరచిపోయే సంగతి ఇది. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ 1899లో మాదిగల జీవితంపై తెచ్చిన పుస్తకంలో ఈ యోగుల లోకాన్ని విస్తారంగా నమోదు చేసింది. మాదిగవాడలో ఒక్కడైన దేవుడి మాట మిషన్ బంగళా కంటే పాతది.

మరి కొత్తగా వచ్చింది ఏమిటి? ఒట్టు. ఒంగోలు మిషనరీ జాన్ క్లఫ్ క్రైస్తవంలో చేరినవాళ్లకు మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను కొలవకూడదు. కాగితం మీద ఇవి భక్తి నియమాలు. ఊళ్లో ఇవి వెట్టి మీద పడిన గొడ్డలి. చచ్చిన గొడ్డును లాగేది మాదిగ, మోటకు తోలుబాన కుట్టేది మాదిగ, జాతరలో డప్పు కొట్టేది మాదిగ. అమ్మవారి ముందు డప్పు కొట్టనన్నవాడు ఒక దేవతను కాదన్నాడని కరణం, మునసబులు అనుకోలేదు. ఊరి కట్టుబాటునే కాదన్నాడనుకున్నారు. వేధింపులు అందుకే మొదలయ్యాయి. రాజయోగి పేరయ్య ఒక్కడినే నమ్మిన రోజుల్లో ఆ నమ్మకం ఊరి పనుల జోలికి రాలేదు. అదే నమ్మకం డప్పు దించమన్నప్పుడు ఊరు ఉలిక్కిపడింది.

1876-78 కరువులో క్లఫ్ బకింగ్‌హామ్ కాలువలో కొంతభాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. కూటికోసం చేరారన్నది నాటి నుంచీ ఉన్న ఎత్తిపొడుపు. ఆకలి పాత్ర లేదనను. కానీ కరువుకు పదేళ్ల ముందే వచ్చిన పేరయ్యను ఆ మాట వివరించలేదు. ఆకలితో ఉన్నవాడికి ఆలోచన ఉండదన్న ధీమా కూడా దాని అడుగున ఉంది.

పేరయ్యలాంటి వారికి ఏకదైవ నిష్ఠ సబబయ్యింది, జగత్కర్త లెక్క తేలినందుకు కాదు. ఊళ్లోని ప్రతి దేవతా ఏదో ఒక సేవకు వాళ్లను కట్టేసి ఉంచింది. ఒక్కడికే బద్ధుడినంటే మిగిలిన కట్లన్నీ తెగుతాయి. పై కులాలవాడికి ఈ అవసరం లేదు. జాతరలో అతనికి ముందువరసే దక్కుతుంది గనుక అందరు దేవుళ్లనూ ఉదారంగా ఒప్పుకోగలడు. బహుదైవం సహనం నేర్పుతుందన్న మాట నిజమే. ఆ సహనానికి డప్పు మోసింది ఎవరని అడగకుండా ఆ మాట అంటే అది సగం నిజం. ఈ ఒట్టుకు మూల్యం కూడా ఉంది. మారినవాళ్లకూ మారని బంధువులకూ మధ్య పండుగలు పోయాయి, వాయిద్యం పోయింది, కొన్నిచోట్ల ఇచ్చిపుచ్చుకోవడాలూ పోయాయి.

బ్రహ్మనాయుడు ఇంకో దారి చూపాడని కొందరంటారు. ఏ దేవుణ్ణీ దించకుండా, మాల కన్నమదాసును తన వీరుల్లో ముందు నిలిపి, అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడన్న గాథ అది. ఆ గాథను నేను తేలిగ్గా తీసుకోను. కార్తీక అమావాస్యకు మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు సాగే కారంపూడి తిరునాళ్లలో మందపోరు నాడు ఇప్పటికీ చాపకూడు పెడతారు. ఆ ఒక్కరోజూ గడిచాక చాప చుట్టేస్తారు. తాళ్లకొండపాడు నుంచి పేరయ్య వెతుక్కుంటూ వెళ్లింది ఏడాదిలో మిగతా రోజుల కోసం.