‘వెరసి’ వరుస చరిత్ర

లెక్కల కాగితం ఏది చేతికిచ్చినా మన పాత ఉద్యోగుల చూపు ముందుగా అడుగు వరుస మీదికి పోతుంది. అక్కడ టోటల్ ఉందా? ఉంటే పై అంకెలతో సరిపోయిందా? ఈ అలవాటు మనకు నౌకరీ నేర్పింది. ఈనాడు కంప్యూటరు మీట నొక్కితే వందల వరుసల రిపోర్టు దానంతటదే తయారవుతోంది. కాని దాని అడుగున వెరసి దానంతటదే పడదు. ఏ వరుసలు కలపాలో, ఏవి కలపకూడదో ఎవరో ఒకరు చెప్పి ఉండాలి. ఆ ఒక్క వరుస ఎంత దూరం నడిచి వచ్చిందో పాఠక మిత్రులకు మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో లెక్కల కచేరీకి ‘అక్షపటలం’ అని పేరు. రాబడి ‘ఆయం’, ఖర్చు ‘వ్యయం’, ఆయంలో వ్యయం పోగా మిగిలినది ‘నీవి’. ఆషాఢ మాసంలో లెక్కలవారు ముద్ర వేసిన పుస్తకాలతో వచ్చి ఈ మూడింటినీ ఒప్పజెప్పాలి. ఆలస్యం చేస్తే జరిమానా. మార్చి నెలాఖరులో మనం పడిన ఆదుర్దాకు ఇంత పాత వంశవృక్షం ఉందన్నమాట.

మన గ్రామాలలో కరణాలు సర్వే నంబర్ల వారీగా అడంగల్ రాసి అడుగున ‘వెరసి’ వేసేవారు. గ్రామం వెరసి ఫిర్కాకు, ఫిర్కా వెరసి తాలూకాకు, తాలూకా వెరసి జిల్లాకు ఎక్కేది. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేవరకు ఈ కూడిక మరీ కష్టం. 12 పైలు ఒక అణా, 16 అణాలు ఒక రూపాయి. ఒక నిలువు వరుసలో పన్నెండేసి చొప్పున, పక్కదానిలో పదహారేసి చొప్పున ఎత్తుకుంటూ పోవాలి. ఆ లెక్కను నోటితోనే తేల్చిన సీనియర్ల దగ్గర పని నేర్చుకున్న తరం మనది.

రిజిస్టరులో పుట నిండితే అడుగున ‘క్యారీడ్ ఓవర్’, కొత్త పుట తలమీద ‘బ్రాట్ ఫార్వర్డ్’. ఒకరు కూడితే మరొకరు సరిచూసి టిక్కు పెట్టేవారు. మొత్తాన్ని అంకెల్లో వేసి, మళ్ళీ అక్షరాలా రాసి, ‘మాత్రమే’ అని ముగించేవారం. అంకెకు ఒక సున్న తగిలించడం తేలిక, అక్షరాలను మార్చడం కష్టం. ఇంకొక సంగతి గమనించండి. అధికారి సంతకం ఎప్పుడూ వెరసి కిందనే పడేది. పై వరుసలన్నిటికీ జవాబుదారీ అక్కడే.

ఈ పని యంత్రానికి అప్పగించే ప్రయత్నాలు 19వ శతాబ్దం చివర అమెరికాలో ఫలించాయి. విలియం బరోస్ తన కూడిక యంత్రానికి 1888లో పేటెంటు పొందారు. 1890 జనాభా లెక్కలకు హెర్మన్ హోలరిత్ రంధ్రాల కార్డులు వాడారు. తరువాత వచ్చిన టాబులేటింగ్ యంత్రాలు కార్డు మీద డిపార్టుమెంటు నంబరు మారగానే ఆగి, అంతవరకు ఉన్న మొత్తం అచ్చు వేసి, మళ్ళీ సున్న నుండి మొదలుపెట్టేవి. ఇలా మైనర్, ఇంటర్మీడియట్, మేజర్ అని మూడు మెట్ల టోటళ్ళు. మన ఫిర్కా, తాలూకా, జిల్లా వెరసుల వంటివే! 1959లో ఐ.బి.ఎం. వారు తెచ్చిన ఆర్.పి.జి. అనే రిపోర్టుల భాషలో కూడా ఇదే పద్ధతి. ఆఖరు కార్డు అయిపోయిందన్న గుర్తు రాగానే గ్రాండ్ టోటల్ పడుతుంది.

1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్‌ను తెచ్చారు. పైన ఒక అంకె దిద్దితే అడుగున మొత్తం తానే మారడం ఆనాడు ఒక అద్భుతం. 1983లో లోటస్ 1-2-3, 1985లో ఎక్సెల్ వచ్చాయి. ఇక కూడికకు కష్టపడే రోజులు పోయాయని అంతా అనుకున్నారు.

కష్టం పోలేదు, చోటు మారింది. రిపోర్టును మనిషి కాక ప్రోగ్రాము తయారు చేస్తే, ఈ నెల 40 వరుసలు రావచ్చు, వచ్చే నెల 45 రావచ్చు. ‘మొదటి నుండి 40వ వరుస దాకా కూడు’ అని రాసిపెడితే చివరి ఐదుగురూ లెక్కలోకి రారు. ప్రోగ్రాము ముందు వరుసలు ఎన్నో లెక్కించి, ఆ కిందనే వెరసి వేయాలి. లేదా వెరసిని పట్టిక తలమీదనే పెట్టాలి. మధ్యలో ఉపమొత్తాలు ఉంటే వాటినీ కలిపి రెండింతలు చేసే ప్రమాదం ఉంది. ఎక్సెల్‌లోని ‘సబ్‌టోటల్’ సూత్రం తనవంటి ఉపమొత్తాలను విడిచి కూడుతుంది కనుక ఆ చిక్కు తీరుతుంది. మరొకటి, అంకె ఒక్కొక్కప్పుడు అక్షరంగా నమోదవుతుంది. కంటికి అంకెలాగే కనబడుతుంది గాని, కూడిక దానిని ముట్టుకోదు.

ఇదంతా గుమాస్తాల చాదస్తం కాదని 2020లో ఇంగ్లండు చూపింది. లేబొరేటరీలు పంపిన కోవిడ్ ఫలితాలను అక్కడి ప్రజారోగ్య సంస్థ పాత పద్ధతి ఎక్సెల్ ఫైళ్ళలోకి ఎక్కించేది. ఆ ఫైలులో 65,536 వరుసలే పడతాయి. మిగిలినవి చప్పుడు లేకుండా జారిపోయాయి. సెప్టెంబరు 25 నుండి అక్టోబరు 2 దాకా 15,841 కేసులు రోజువారీ లెక్కలో చేరలేదు. ఫలితం రోగులకు తెలిసింది గాని, వారితో మెలగినవారిని వెతికే పని ఆలస్యమైంది. లేబొరేటరీ పంపినవి ఎన్ని, ఇక్కడ చేరినవి ఎన్ని అని రెండు మొత్తాలను పక్కపక్కన పెట్టి చూసే పద్ధతి ఉంటే, మొదటి రోజే తేడా బయటపడేది. మన కార్యాలయాలలో బిల్లుల సంఖ్య, సొమ్ము రెండూ వేరువేరుగా సరిచూసింది ఇందుకే.

కనుక పెన్షనరు మిత్రులకు ఒక సూచన. కరువు భత్యం బకాయిల డ్యూ-డ్రాన్ స్టేట్‌మెంటు కంప్యూటరు నుండి వచ్చిందని కళ్ళు మూసుకుని ఒప్పుకోవద్దు. ముందు నెలలు ఎన్నో లెక్కపెట్టండి. మొదటి నెల, చివరి నెల ఉన్నాయో లేదో చూడండి. రావలసిన మొత్తంలో నుండి పొందిన మొత్తం తీసివేయండి. అది తేడా నిలువు వరుస వెరసితో సరిపోవాలి. అడ్డంగా, నిలువుగా రెండు వైపులా కుదిరినప్పుడే అది లెక్క. ఇంట్లో మనుమలు ఇటువంటి రిపోర్టులు తయారు చేసే ఉద్యోగాలలో ఉంటే వారికీ ఈ మాట చేరవేయండి. కూడడం యంత్రానికి వచ్చు. ఎవరి పేరు విడిచిపోయిందో పట్టించుకోవడం మాత్రం ఇప్పటికీ మనిషి వంతే.