ఆపద వేళ మానసిక ఆసరా: స్వచ్ఛంద సేవకుల శిక్షణ

ప్రమాదమో, తుపానో, అకాల మరణమో సంభవించిన చోటికే వెళ్లి, బాధితుల పక్కన కూర్చుని, వారి మనసు కాస్త కుదుటపడేలా చూడడానికి మామూలు మనుషులకు ఇచ్చే శిక్షణ ఇది. దీన్ని మానసిక ప్రథమ చికిత్స అంటారు. పేరులో చికిత్స ఉన్నా ఇది వైద్యం కాదు.

1942 నవంబరు 28న బోస్టన్‌లోని కోకోనట్ గ్రోవ్ నైట్‌క్లబ్ మంటల్లో 492 మంది చనిపోయారు. అయినవాళ్లను పోగొట్టుకున్నవారిని పరిశీలించి ఎరిక్ లిండెమన్ 1944లో దుఃఖంపై రాసిన వ్యాసం ఈ రంగానికి బీజం. శిక్షణ పొందిన పౌరులను పోలీసులు, ఫైర్ సిబ్బంది ఘటనా స్థలానికి పిలిపించుకునే పద్ధతిని 1985లో కాలిఫోర్నియాలో వేన్ ఫోర్టిన్ మొదలుపెట్టాడు. జరిగిందంతా బాధితుల చేత వెంటనే చెప్పించే 'డీబ్రీఫింగ్' కొన్నాళ్లు చెలామణి అయింది కానీ, మేలు చేయకపోగా కొందరికి కీడు చేస్తుందని తేలడంతో వెనకబడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మార్గదర్శి సారం మూడు ముక్కలు: చూడు, విను, అవసరమైన సాయంతో కలుపు.

మన దేశంలో ఈ కథ 1984 భోపాల్ విషవాయువు దుర్ఘటనతో మొదలవుతుంది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నిపుణులు అక్కడి మామూలు డాక్టర్లకే మానసిక వైద్యం నేర్పారు. 1999 ఒడిశా పెను తుపాను తర్వాత అదే శిక్షణ ఊళ్లలోని కార్యకర్తల దాకా దిగింది. అసలు మలుపు ఇదే. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లో మానసిక సామాజిక ఆసరాకు మార్గదర్శకాలు ఇచ్చింది. 2016లో 'ఆపద మిత్ర' పథకం తెచ్చి 30 జిల్లాల్లో జిల్లాకు 200 మంది విపత్తు సహాయ వాలంటీర్లను తయారుచేయ తలపెట్టింది.

అల్లూరి సీతారామరాజు జిల్లా హుకుంపేట లాంటి మన్యం మండలాల్లో ఆపద దగ్గరికి ముందు చేరేది ఇరుగుపొరుగే. రోడ్డు లేని గూడెం నుంచి మనిషిని దించాలంటే డోలీయే దిక్కు. పొడవాటి కర్రకు దుప్పటి కట్టి, ఇద్దరు మోస్తుంటే మిగతావారు భుజం మార్చుకోవడానికి వెంట నడుస్తారు. రోగి తల్లో, భార్యో వెనక ఏడుస్తూ వస్తుంది. "ఊరుకో, ఏం కాదులే" అనడం మన అలవాటు. శిక్షణలో ముందు మాన్పించేది ఆ మాటనే. ఏం కాదని చెప్పడానికి మనకేం తెలుసు? గుక్కెడు నీళ్లిచ్చి, ఆమె మాట్లాడితే వినాలి, మాట్లాడకపోతే పక్కన నడవాలి.

నష్టమంటే ప్రాణనష్టమే కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ మన్యంలో కాఫీ తోటల మీద నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలాయి. కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. పడిన చెట్టు ముందు కూర్చున్న రైతుకు నష్టపరిహారం దరఖాస్తు ఒక్కటే సరిపోదు.

భాష ఇంకో చిక్కు. ఈ కొండల్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవారున్నారు. దుఃఖంలో ఉన్న మనిషి తెలుగు వెతుక్కోలేడు. 2022 అక్టోబరు 10న మొదలైన, ఫోన్‌లో మానసిక సాయం అందించే టెలి మానస్ సేవకు 14416 నంబరు ఉంది. సిగ్నల్ అందని గూడెం నుంచి దానికి ఫోన్ చేయాలంటే ముందు గట్టెక్కాలి.